దేవుని మిద్దె మొదటి వాన

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాతో వాదించి నెగ్గే మనిషి ఒక్కతే ఉండేది, మా అవ్వ. నాయన్ను కన్న తల్లి. అక్షరం ముక్క రాదు. నేనేమో ఏడో తరగతి పిల్లను, క్లాసులో ఫస్టు. అమ్మ నా నోటికి జడిసి పక్కకు తప్పుకునేది, నాయన నవ్వి ఊరుకునేవాడు. అవ్వ మాత్రం చేటలో బియ్యం మీంచి తల కూడా ఎత్తకుండా ఒక్క మాట అనేది. దాంతో వాదన ముగిసేది. ఆమె మీద నాకు ఎప్పుడూ ఒక కసి ఉండేదంటే అబద్ధం కాదు.

డెబ్భైల చివరి మాట ఇది. ఆళ్ళగడ్డకూ చాగలమర్రికీ నడుమ రోడ్డు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. నాయన అక్కడి మిషన్ బడిలో పంతులు. మా ఇంటికీ చర్చికీ నడుమ ఒకటే గోడ. ఊరి బావిలో నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. మంచినీళ్ళ బావి కావాలంటే నల్లరేగడి చేలకు అడ్డంగా రెండు మైళ్ళు పోవాలి. అందుకని మా అవ్వ వాననీళ్ళు పట్టేది.

వాననీళ్ళు పట్టడమంటే ఇప్పటివాళ్ళు అనుకున్నట్టు చూరు కింద బిందె పెట్టడం కాదు. మా ఇంటిది చౌడు పరిచిన మట్టి మిద్దె. దాని మీంచి జారిన నీళ్ళు టీ రంగులో ఉంటాయి, పశువులు కూడా మూతి పెట్టవు. చర్చిది నాపబండలు పరిచి సందుల్లో సున్నం కూరిన మిద్దె. దాని తూము మా పెరటి వైపే ఉండేది. ఆ తూము కింద అవ్వ ఒక రేకు దోనె కట్టింది. దోనె కొన మా రాతితొట్టి మీదికి తిప్పితే నీళ్ళు తొట్టిలో, పక్కకు తిప్పితే కాలవలో. తొట్టి మూతికి నాలుగు మడతల పాత పంచె కట్టేది. పట్టిన నీళ్ళను ఒక రాత్రి కదపకుండా ఉంచి, చిల్లగింజ అరగదీసి కలిపి, మడ్డి అడుక్కు దిగాక పైనీళ్ళు ముంచి, ఇసుకా బొగ్గులూ నింపిన కుండలోంచి కారనిచ్చి, అప్పుడు వంటింటి మూలనున్న పెద్ద బానలో పోసేది. తాగేముందు మళ్ళీ కాగబెట్టేది. ఆ బాన మీద చెయ్యి వేసే హక్కు మా ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉండేది.

ఇంతకంటే పెద్ద నియమం ఇంకొకటి ఉండేది. ఎండాకాలం తర్వాత పడే మొదటి వానను ఆమె పట్టేది కాదు. దోనెను కాలవలోకి తిప్పి, కొంగు నడుముకు చెక్కుకుని, ఆ నీళ్ళన్నీ పోయేదాకా చూస్తూ నిలబడేది. "మొదటి వాన దేవుడు తన మిద్దె కడుక్కోను. రెండోది మనకు" అనేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. చెప్పకపోవడమే నాకు మంట.

నేను ఆరో తరగతిలో ఉండగా మా తమ్ముడు పోయాడు. వాంతులు, విరేచనాలు. ఆళ్ళగడ్డకు బండి కట్టేలోపే చల్లబడిపోయాడు. ఊరి బావి నీళ్ళు తాగాడని అన్నారు. ఆనాటి నుంచి నాయన నవ్వడం తగ్గింది, మా ఇంట్లో మాట్లాడుకోవడమే తగ్గింది. ఆ తర్వాతి ఎండాకాలంలో చెల్లెలికి టైఫాయిడ్ వచ్చింది. అయిదేళ్ళ పిల్ల, మంచంలో దుప్పటి ముడత లాగా అయిపోయింది. శుభ్రమైన నీళ్ళు తప్ప ఇంకేమీ తాపొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బానలో నిరుటి వాననీళ్ళు సగం మిగిలాయి. అవి చెల్లెలికే అని అవ్వ తీర్మానించింది. మేమందరం ఉప్పునీళ్ళు తాగాం.

జూన్‌లో ఒక సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. అవ్వ బయటికొచ్చి దోనెను కాలవలోకి తిప్పింది. నాకు ఒళ్ళు మండింది. నా సైన్సు పుస్తకం తెచ్చి ఆమె ముందు చదివాను. వాననీరు ప్రకృతిలో దొరికే నీళ్ళన్నిటిలోకీ స్వచ్ఛమైనదని అందులో అచ్చువేసి ఉంది.

"వానను గురించి రాసినారు సరే. మిద్దెను గురించి ఏమన్నా రాసినారా?" అంది అవ్వ.

"ఇంత కరువులో నీళ్ళు కాలవలో పోస్తాండావే, బుద్ధుండాదా నీకు?"

"నాకు లేదులే మే. పుస్తకానికుండాది గదా, దాన్ని పట్టుకోని కూచో పో."

అంతలో చెల్లెలు మూలిగితే ఆమె లోపలికి పోయింది. వాన దంచి కొట్టింది. నేను దోనెను తొట్టి మీదికి తిప్పాను. నీళ్ళు పైకి తెల్లగా, అందంగానే కనిపించాయి. ఒక బిందె ముంచి, అవ్వ చెల్లెలి పక్కన ఉండగానే, వంటింట్లోకి పోయి బానలో పోశాను. ఇంకొకటి పోశాను. బాన నిండింది. మళ్ళీ దోనెను కాలవలోకి తిప్పేసి వచ్చాను. గెలిచానన్న సంతోషంతో నిద్రపోయాను.

పొద్దున పెరట్లోకి పోతే కాలవ పక్కన నీటి గుంట దగ్గర పిచ్చుకలు పడి ఉన్నాయి. ఆరో ఏడో. కాళ్ళు పైకి పెట్టుకుని, తడిసి. నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుర్తుకొచ్చింది. వారం ముందు చర్చి సంఘం వాళ్ళు జొన్న విత్తనాలకు పురుగుల పొడిమందు పట్టించి చర్చి మిద్దె మీదే ఆరబోసుకున్నారు. నేనే నిచ్చెన పట్టుకున్నాను. మందు పట్టించిన వాళ్ళ చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉండడం చూసి నవ్వాను కూడా.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. నా నోరు!

లోపలి నుంచి అవ్వ పిలిచింది. నిన్న వానకు ముందే చెల్లెలి కోసం కాగబెట్టి కూజాలో పోసిన నీళ్ళు అయిపోయాయట. నేను పోయేసరికి బాన మూత తీసి ఉంది. నిన్న సగమున్న బాన నిండుగా ఉండడం ఆమె చూసే ఉంటుంది. పిచ్చుకలనూ చూసే ఉంటుంది, తెల్లారగానే కాలవ ఊడ్చేది ఆమే. గ్లాసు నిండా ముంచి నా చేతికిచ్చింది.

"నిన్న పుస్తకమే గెలిచింది గదా. ఇది కాగబెట్టే పని గూడా లేదు. నీ చేత్తో నువ్వే తాపు మీ చెల్లికి."

చెల్లెలు దాహంతో అప్పటికే తల ఎత్తి నోరు తెరిచింది. పెదాలు పగిలి ఉన్నాయి. నేను మంచం పక్కన నిలబడ్డాను. "ఏందీ నిలబడినావు? తాపు" అంది అవ్వ. గొంతులో కోపం లేదు. నా చేతిలోంచి గ్లాసు జారింది. జారిన గ్లాసు కింద పడలేదు. అవ్వ చెయ్యి ముందునుంచే దాని కింద అడ్డంగా ఉంది.

ఆ నీళ్ళను ఆమె తన పాదాల మీద పోసుకుంది. తర్వాత నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. "కాగబెడితే మురికి పోతాది గానీ మందు పోతాదా మే?" అని మాత్రం అంది. ఇద్దరం కలిసి బాన వంచాం. నేను పోసిన రెండు బిందెలతో పాటు, చెల్లెలి కోసం దాచిన నిరుటి మంచినీళ్ళన్నీ, తొట్టిలో మిగిలినవీ పెరట్లో అప్పటికప్పుడు తవ్విన గుంటలోకి పోయాయి. ఆ చప్పుడుకు నాయన వచ్చాడు.

"బల్లి పడిందప్పా. మూత సరింగా పెట్టలేదు నేను" అంది అవ్వ.

నాయన తన తల్లితో గొంతెత్తి మాట్లాడడం అదొక్కసారే విన్నాను. "ఒకర్ని మట్టిలో పెట్టి ఏడాది కాలేదమ్మా. ఇంకా మూత పెట్టను రాదా నీకు? ఈరోజు నుంచి నీళ్ళ జోలికి రావాకు" అన్నాడు. అవ్వ తల వంచుకుని బాన కడుగుతూ ఉండిపోయింది. నేను తలుపు పక్కనే ఉన్నాను. 'బల్లి కాదు, నేను' అంటే చాలు. నేను అనలేదు.

రెండో వాన ఇరవై రోజులకు గాని రాలేదు. ఆ ఇరవై రోజులూ అవ్వ, నొప్పుల మోకాళ్ళతో, తెల్లవారకముందే లేచి మంచినీళ్ళ బావికి పోయి ఒక్కో బిందె మోసుకొచ్చింది. తెచ్చిన బిందెను గడపలో దించేది. లోపలికి తీసుకుపోయి వడపోసి కాగబెట్టే పని అమ్మదైపోయింది. చెల్లెలు బతికింది. వానలొచ్చాక కూడా దోనె దగ్గర అమ్మే నిలబడేది. అవ్వ అరుగు మీద కూర్చుని, తూము నీళ్ళ చప్పుడు వింటూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండేది.

ఒకరోజు అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని. "మీ నాయన కొడితే రెండు దినాలు నొస్తాది, పోతాది. చెల్లిని నువ్వే సంపబోయినావని ఇంట్లో ఒక మాట పుడితే, అది నువ్వు సచ్చేదాంక నీ ఎనకాలే తిరుగుతాది. నేను ముసిల్దాన్ని, నా ఎనక ఎంతకాలం తిరుగుతాదిలే" అంది.

నేను నంద్యాలలో కాలేజీ హాస్టల్లో ఉండగా ఆమె పోయింది. మూత పెట్టడం రాని మనిషిగానే పోయింది. తర్వాత నాయనా పోయాడు. ఆయనకు నేను చెప్పనే లేదు.

ఆ తర్వాత నేను చాలామందితో వాదించాను. ప్రిన్సిపాళ్ళతో, మొగుడితో, మున్సిపాలిటీ వాళ్ళతో, నీళ్ళ డబ్బాలు అమ్మేవాళ్ళతో. చాలావాటిలో గెలిచాను కూడా. నంద్యాలలో ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీతో పోట్లాడి మరీ మిద్దె నీళ్ళ పైపుకు ఒక పక్క మూత పెట్టించాను. మొదటి వానకు ఆ మూత తీసి, నీళ్ళన్నీ వీధి కాలవలోకి పోయేదాకా తడుస్తూ నిలబడతాను. ఇంట్లోవాళ్ళు కిటికీలోంచి చూసి నాకు పిచ్చి అనుకుంటారు. బల్లి పడలేదు నాయనా, నేనే పోశాను అని అప్పుడు పైకే అంటాను. ఆ వాన హోరులో అది నా చెవులకే వినపడదు.