పికప్

వే బ్రిడ్జి మీదికి లారీ ఎక్కి ఆగగానే పక్కగది కిటికీలోంచి ఒకే మాట వినిపిస్తుంది: "దిగు." డ్రైవరు దిగితేగాని తూకం వెయ్యరు. కాలు బెణికినా దిగాలి, వాన పడుతున్నా దిగాలి. ఇరవై రెండేళ్లుగా ఆ ఒక్క మాట మీద నెట్టుకొస్తున్న మనిషిని లారీలవాళ్లు కాటా సారు అంటారు. ఆయన తూకంలో తేడా ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ సంగతి అందరికంటే బాగా ఆయనకే తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

కారు కొనడానికి వెళ్లిన రోజున షోరూములో ఒకే డీజిల్ బండి రెండు రకాలుగా కనిపించింది. ఒకదానిలో ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది, రెండోదానిలో నాలుగింటికీ. ఆయన భార్య మొదటిదాని దగ్గర నిలబడి, "మనకిది చాలు కదండీ. ఇంటి నుంచి ల్యాబుకి, ల్యాబు నుంచి ఇంటికి. మనమేమన్నా కొండలెక్కుతామా?" అంది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆవిడకీ కారు నడపడం వచ్చినా, పొద్దున దింపడం, సాయంత్రం పికప్ చేసుకోవడం స్కూటరు రోజుల నుంచీ ఆయన వంతు. ఆ అరగంటే వాళ్లిద్దరూ తీరిగ్గా మాట్లాడుకునే సమయం.

"బండిని ఇద్దరు తోస్తే జోరుగా పోతుందా, నలుగురు తోస్తేనా?" అని అడిగాడాయన.

అమ్మేవాడికి కాదనడానికి ఏం అవసరం? "నలుగురు తోస్తేనే సార్" అని బుర్ర ఊపాడు.

"విన్నావా? పికప్ అదిరిపోతుంది" అన్నాడు కాటా సారు. రెండోదానికే డబ్బు కట్టాడు.

వారం తిరక్కుండా బావమరిది వెళ్లి ఆ మొదటి రకం కొనుక్కొచ్చాడు. అతనికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. బండి గురించి ఏం చూశావని అడిగితే, "సీటు మెత్తగా ఉంది బావగారూ" అన్నాడు. ఇద్దరూ పొద్దున్నే ఒకే దారిలో వెళ్తారు. రెండు బండ్లూ పక్కపక్కన సిగ్నల్ దగ్గర ఆగాయి. పచ్చలైటు పడింది. కాటా సారు కాలు నేలకంటేలా తొక్కాడు. బావమరిది పాటలు వింటూ, ఒక చేత్తో జుట్టు సర్దుకుంటూ, బండి పొడవంత దూరం ముందు పోయాడు.

మర్నాడూ అదే తంతు. ఆ పై వారమూ అదే. అసలు తాను పందెంలో ఉన్నానన్న సంగతే బావమరిదికి తెలియకపోవడం కాటా సారు కడుపు మరింత రగిల్చింది. పక్క సీట్లో కూర్చున్న భార్య ఒక్క మాట అన్నా బాగుండేది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఎప్పుడో ఒకప్పుడు "నేను చెప్పలేదూ" అంటుందని ఆయన రోజూ ఎదురు చూశాడు, రోజూ భయపడ్డాడు.

చివరికి మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

"బండికేం సార్, బంగారం" అన్నాడు మెకానిక్. "నలుగురు తోస్తున్నారని ఎవరన్నారు? తోసేది ఒక్క ఇంజనే. ఆ బలాన్నే నాలుగు చక్రాలకీ పంచుతుంది. వెనక్కి పంపాలంటే పొడుగాటి ఇనప కడ్డీ, పళ్లచక్రాలు, వాటి బరువు మొయ్యాలి, వాటిని తిప్పాలి. పొడి రోడ్డు మీద ముందు చక్రాలు ఎటూ జారవు, ఇక వెనకవి చేసే సాయమేముంది? అర సెకను వెనకబడతారు, అంతే. అదే తడి నేల మీద చూడండి, అప్పుడు..."

తడి నేల కాటా సారు చెవికెక్కలేదు. బరువు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. బరువు సంగతి తనకి ఒకళ్లు చెప్పాలా?

కొత్త మిషను చూద్దువుగాని రమ్మని ఆదివారం బావమరిదిని వే బ్రిడ్జికి పిలిచాడు. అతణ్ణి దింపి రెండు బండ్లూ తూచాడు. తేడా సరిగ్గా ఎనభై కిలోలు.

ఆ పూటే కోత మొదలైంది. ముందు స్టెప్నీ పోయింది, తరవాత జాకీ, పానాలు, బండి లాగే తాడు. వెనక సీటు మొత్తం ఊడబీకాడు. ముప్ఫై ఆరు లీటర్ల డీజిల్ ముప్ఫై కిలోలవుతుందని లెక్కగట్టి, టాంకు నింపడం మానేశాడు. సీటు వెనక జేబులో భార్య గొడుగు ఉంటే అదీ తీసుకెళ్లి, నాలుగు వందల గ్రాములు అని చీటీ అంటించి ఆఫీసు అలమరలో పెట్టాడు. ఎనభై కిలోలూ పోయాయి. సోమవారం పొద్దున పచ్చలైటు పడింది, అయినా బావమరిది బానెట్టంత దూరం ముందు పోయాడు.

ఆ బండిలో ఉన్నది ఒక్కడు. ఈ బండిలో ఇద్దరు. అది తట్టగానే ఆయనకు రాత్రంతా నిద్రపట్టలేదు.

మర్నాడు సిగ్నల్‌కి కాస్త ముందు, కాలిబాట పక్కన బండి ఆపాడు. "ఒక్క నిమిషం దిగు" అన్నాడు.

"ఎందుకండీ?"

"సిగ్నల్ దాటాక ఎక్కుదువుగాని."

ఆవిడ వెనక సీటు లేని ఖాళీకేసి చూసింది, పక్క వరసలో నిలబడ్డ తమ్ముడి బండికేసి చూసింది, చివరికి భర్త మొహంలోకి చూసింది. తలుపు తీసుకుని దిగింది.

పచ్చలైటు పడింది. కాటా సారు దూసుకుపోయాడు. అద్దంలో చూస్తే వెనక ఎవరూ లేరు! అరవబోయి, ఎవరితో చెప్పాలో తోచక ఊరుకున్నాడు. అప్పుడు కనిపించింది: బావమరిది బండి అసలు కదలనే లేదు. కాలిబాట మీద నిలబడ్డ అక్కని చూసి, పక్కకి తీసి, తలుపు తెరిచి ఎక్కించుకుంటున్నాడు. ఆ తూకం చెల్లదని కాటా సారుకు తెలుసు.

ఆ సాయంత్రం ఆవిడ ఒక్కటే అంది, "రేపట్నుంచి తమ్ముడితో వెళ్తాన్లెండి. మీకెందుకు బరువు?"

క్షమించమని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. తన తూకంలో తేడా ఉందని ఏనాడూ ఒప్పుకోని నోరు, అలవాటు లేక మొరాయించింది. అలా పదకొండు రోజులు గడిచాయి. పక్క సీటు ఖాళీ, బండి తేలిక, పికప్ భేషుగ్గా ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం నుంచి కుండపోత. అయిదింటికి ఫోను మోగింది.

"ల్యాబు వెనక పార్కింగులో పైపుల కోసం తవ్వారు, అంతా బురద. ఏటవాలు ఎక్కలేక తమ్ముడి బండి చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. పికప్ చేసుకుంటారా?" అంది భార్య.

ఆయన ఎలా వెళ్లాడో ఆయనకే గుర్తులేదు. బండిని ఏటవాలు మీదుగా కిందికి దింపి, వాళ్ల ముందు తిప్పి, కొంచెం తొక్కి చూశాడు. నాలుగు చక్రాలూ బురదని పట్టుకున్నాయి, ఒక్కసారి కూడా జారకుండా బండి నాలుగడుగులు పైకెక్కి నిలిచింది. మెకానిక్ చెప్పబోయిన మాట అప్పుడు పూర్తయింది.

"అబ్బ! ఏం పికప్ బావగారూ!" అన్నాడు బావమరిది మనస్ఫూర్తిగా. "తాడుంటే వెయ్యండి, నా బండిని లాగేద్దాం."

"తాడు లేదు. కిలోన్నర ఉందని తీసేశాను."

"గొడుగు?" అంది భార్య. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆఫీసు అలమరలో" అన్నాడాయన.

"పోనీలెండి, నన్ను దుకాణం దగ్గర దింపెయ్యండి. తాళాలు నా దగ్గరే ఉన్నాయి, పనివాళ్లు బయట తడుస్తున్నారు" అంటూ బావమరిది వెనక తలుపు తెరిచాడు. తెరిచి అలాగే నిలబడిపోయాడు. వెనక రేకు తప్ప ఏమీ లేదు.

ముగ్గురు మనుషులు, రెండు సీట్లు. వాన జోరుగా పడుతోంది. ఆవిడ డ్రైవరు వైపు కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీ బరువెంతండీ?"

తూకం విషయంలో ఆయన అబద్ధం ఆడలేడు. "ఎనభై" అన్నాడు. అన్నాకగాని ఆ అంకె ఆయన చెవిన పడలేదు.

"దిగండి" అందావిడ.

దిగాడు. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని, తమ్ముణ్ణి పక్కన ఎక్కించుకుని పైకి పోయింది. బండి ఎంత హాయిగా కదులుతుందో బయట నిలబడి చూడటం ఆయనకదే మొదలు. మళ్లీ వస్తుందో రాదో చెప్పలేదు. మడమల దాకా బురదలో నిలబడి, తాను దింపిన లారీ డ్రైవర్లందరినీ తలుచుకున్నాడు.

ముప్పావుగంటకి బండి తిరిగొచ్చింది. పక్క సీట్లో గొడుగు ఉంది, చీటీతో సహా. ఆవిడ వే బ్రిడ్జి దాకా వెళ్లి తెచ్చుకుంది.

ఆయన తలుపు పట్టుకుని, ఎక్కకుండా, "తప్పు నాదే. కారు కొన్న రోజు నుంచీ" అన్నాడు.

ఆవిడ గొడుగు తీసి వెనక పడేసింది.

"ఎక్కండి."