తమ్ముడి కోసం కొన్న రబ్బరు కప్ప

నిరుడు మాఘమాసంలో నారాయణగూడలో గాలాలు అమ్మే దుకాణానికి వెళ్లి, ప్రాణం లేని ఎర ఏదైనా ఉందా అని అడిగాను. దుకాణదారు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. డెబ్బై నాలుగేళ్ల ఆడమనిషి అడిగే వస్తువు కాదది.

అడిగింది తమ్ముడి కోసం. నేను చిక్కడపల్లిలో, అతను అశోక్‌నగర్‌లో, ఇద్దరం ఒంటరివాళ్లమే. ఏడాదికోసారి కారు మాట్లాడుకుని ములుగు వైపు అడవిలోకి వెళ్తాం. అక్కడ వాగు మలుపులో ఒక మడుగు ఉంది. పగలంతా దాని ఒడ్డున గాలం వేసుకుని కూర్చుని పొద్దుగూకే వేళకు బయల్దేరతాం. అతను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఒక్క ఏడు కూడా తప్పలేదు.

రెండేళ్లుగా తమ్ముడి చేతులు వణుకుతున్నాయి. అంతకు ముందు ఏడు వానపామును గుచ్చబోయి గాలం వేలికి గుచ్చుకున్నాడు. నేను గుచ్చుతానంటే ససేమిరా అన్నాడు. దానికి కారణం ఉంది. కోస్తాలో కాలువ గట్టున ఆడుకున్న రోజుల నుంచీ మా ఇద్దరికీ ఒక కట్టుబాటు: ఎర గుచ్చినవాళ్లదే చేప. గాలం కర్ర ఎవరిదన్నది, లాగింది ఎవరన్నది లెక్కలోకి రావు. అమ్మ ముక్కలు వడ్డించేటప్పుడు కూడా అదే న్యాయం పాటించేది. ముసలివాళ్లమయ్యాక కూడా మేము ప్రతి చేప దగ్గరా ఆ తగవు పడుతూనే ఉన్నాం.

వేలికి గాలం గుచ్చుకున్న ఆ రోజు సాయంత్రం దాకా అతను ఖాళీ గాలాన్నే నీళ్లలో వేసుకుని కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో, "వచ్చే ఏడు నేను రానులే అక్కా" అన్నాడు. గుచ్చే పనే లేకపోతే వస్తాడేమోనని నా ఆశ.

దుకాణదారు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది చెంచా లాంటి రేకు. దారం ఆపకుండా చుడుతూనే ఉండాలి, ఆపితే మునిగిపోతుంది. అది తమ్ముడి వల్ల కాదు. రెండోది చేపపిల్ల బొమ్మ. కడుపు కింద మూడేసి కొక్కేలు వేలాడుతున్నాయి. వణికే చేతికి దాన్ని ఎలా ఇవ్వను? మూడోది రబ్బరు కప్ప. కొక్కేలు దాని వీపుకి ఆనుకుని దాగి ఉన్నాయి. చేప నోట్లో నొక్కుకుంటేనే బయటపడతాయి.

"కొర్రమీనుకు గిదే మంచిగుంటదమ్మా. నీళ్ల మీద జర ఎగిరిస్తుండాలె, గంతే."

"ఒక బకెట్ నీళ్లు తెప్పించు నాయనా. సరిగా తేలుతుందో లేదో చూస్తాను."

"ఏందమ్మా, దీన్కి గ్యారంటీ గూడ రాసియ్యాల్నా?" అంటూనే నీళ్లు తెచ్చాడు. కప్ప తేలింది. దారానికి అతని చేతే ముడి వేయించుకుని తమ్ముడింటికి వెళ్లాను.

తమ్ముడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ముడి ఎవరు వేశారు?"

"దుకాణం అతను."

"అయితే పట్టిన చేప నారాయణగూడకి పంపాలన్నమాట."

"కట్టడం వేరు, గుచ్చడం వేరు. నోరు మూసుకుని బయల్దేరు."

"తీర్పులన్నీ నీ ఇష్టమేగా" అని సణుగుతూనే అటక మీంచి టోపీ దించి దులుపుకున్నాడు.

మడుగు దగ్గర మొదటిసారి విసరగానే నీళ్లు భళ్లున లేచాయి. కొర్రమీను కప్పను అందుకున్నాక ఒక్క క్షణం ఆగి లాగాలి. అది తమ్ముడికి తెలియనిది కాదు. కానీ చేయి ఆగలేదు. కప్ప ఒంటరిగా ఎగిరొచ్చి గడ్డిలో పడింది. మళ్లీ విసిరాడు. చేప మళ్లీ వచ్చింది, చేయి మళ్లీ తొందరపడింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని చూశాడు. రెండూ కలిసి వణికాయి. ఆ తర్వాత నీళ్లు కదలలేదు.

చాలాసేపటికి కర్ర పక్కన పెట్టి, "అక్కా, ఇక్కడ వానపాములు ఉంటాయేమో చూడు" అన్నాడు.

"గుచ్చగలవా?"

"నువ్వే గుచ్చు."

పుల్లతో తడిమట్టి తవ్వాను. దొరక్కూడదనే అనుకున్నాను, కానీ మొదటి పెళ్లలోనే కనిపించింది. గాలం మార్చి, ఎర గుచ్చి, బెండు కట్టి, కర్రను పంగల పుల్ల మీద ఆనించాను. ఎక్కువసేపు పట్టలేదు. బెండు ఒకసారి ఊగి మునిగింది. తమ్ముడు రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"లాగక్కా."

లాగాను. మూరెడు కొర్రమీను.

"కర్ర నీది, చోటు చూపించింది నువ్వు. ఇందులో సగం నీదేరా" అన్నాను. తగవు పడతాడని కాసేపు చూశాను.

"వద్దులే. మంచి చేప పట్టావు" అన్నాడు.

కారులో అతనికి నిద్ర పట్టింది. నిద్రలో ఆ చేతులు కదలకుండా, ఒకప్పటి చేతుల్లాగే ఒళ్లో పడి ఉన్నాయి. అశోక్‌నగర్‌లో అతని ఇంటి ముందు డ్రైవర్ కారు ఆపబోతే, ఆపవద్దని సైగ చేసి, రాంనగర్ మీదుగా ఇంకో చుట్టు తిప్పమన్నాను.