అనాథలకి బిర్యానీ పెట్టిన రోజు

మా తెలుగువాళ్ళకి ఒక జబ్బుంది. బిడ్డకి ఏడాది నిండితే చాలు, నలుగురు అనాథల్ని వరసలో నిలబెట్టి, చేతిలో ప్లేటు పెట్టి, ఫోటో తీయించుకుంటే గానీ అది పుట్టినరోజు కాదు. గుంటూరులో అయితే దీనికేం ఇబ్బంది లేదు, ఏ పేటకి వెళ్ళినా ఒక ఆశ్రమం ఉంటుంది. ఎనభైల మొదట్లో టెక్సస్‌లో ఆ సదుపాయం లేక మా ప్రార్థన కూటం వాళ్ళు పాపం చాలా అవస్థపడ్డారు. చివరికి వాళ్ళ కళ్ళు నేను అద్దెకున్న ఇంటి మీద పడ్డాయి.

నేను పశువుల డాక్టర్ని. అప్పట్లో తూర్పు టెక్సస్‌లో ఒక కోళ్ళ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసేవాణ్ణి. కొక్కేలకి వేలాడుతూ వచ్చే కోళ్ళని పొద్దస్తమానం చూస్తూ ఏది తినడానికి పనికొస్తుందో, ఏది రాదో చెప్పాలి. ఆ అలవాటు వల్లనేమో, మనుషుల్ని చూసినా నాకు అదే బుద్ధి పుడుతుంది. ఆ ఊళ్ళో తెల్లవాళ్ళెవరూ నాకు గది ఇవ్వలేదు. గది ఖాళీ అని బోర్డు పెట్టుకున్న పెద్దమనిషి కూడా నా మొహం చూడగానే నిన్ననే ఇచ్చేశామన్నాడు. ఊరవతల, అలసంద చేల మధ్య ఉండే నల్లవాళ్ళ కుటుంబం అడిగిన వెంటనే వెనక గది ఇచ్చింది.

ఇంటావిడకి అరవై దాటాయి. అందరూ ఆవిణ్ణి బిగ్ మామా అనేవారు, నేనూ అదే అన్నాను. ఆవిడ భర్త స్కూలు బస్సు నడిపేవాడు. సొంత పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, అయినా ఇల్లు పిల్లలతో కిటకిటలాడుతూ ఉండేది. అందరూ తల్లీతండ్రీ పోయినవాళ్ళే. అలాంటి పిల్లల సంగతి చూసే కౌంటీ ఆఫీసు ఆవిడ కారులో తెచ్చి దింపి వెళ్ళేది. ఎవరో కొనిచ్చిన బిగుతు బట్టల్లో, ముక్కు కారుతూ, వెక్కుతూ దిగేవారు. ఆ ఇంట్లో దీనికొక పద్ధతి ఉండేది. కొత్తగా దిగిన బిడ్డని పెద్దవాళ్ళెవరూ ముద్దుచేయరు, ఏమీ అడగరు. అంతకుముందు ఆఖరున ఎవరు వచ్చారో ఆ బిడ్డే ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాలి. ఏడుపు ఆగేదాకా ఆ బిడ్డదే పూచీ.

"ఆ ఏడుపు నేనెప్పుడో మర్చిపోయాను. మొన్న వచ్చినవాళ్ళకింకా గుర్తుంటుంది" అనేది బిగ్ మామా.

ఆ ఏడు అందరికంటే ఆఖరున వచ్చింది ఒక ఎనిమిదేళ్ళ పిల్ల. అది ఆ ఇంట్లో కుదురుకోలేదు. పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది, అందరూ ఏమరుపాటుగా ఉన్నప్పుడు హైవే వైపు నడక మొదలుపెట్టేది. బిగ్ మామా భర్త ట్రక్కులో వెళ్ళి తెచ్చేవాడు. ఇంకోసారి పారిపోతే హ్యూస్టన్‌లో పెద్ద హోమ్‌కి పంపేస్తామని కౌంటీ ఆవిడ తేల్చి చెప్పేసింది. అప్పట్నించీ బిగ్ మామాకి ఆ పిల్ల మీదే ప్రాణం. తలుపు చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలేసి వచ్చి చూసేది.

ఇక మావాళ్ళ సంగతి. నెలకోసారి ఇర్వింగ్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన జరిగేది. అంత దూరం డ్రైవ్ చేసుకుని వెళ్ళేవాణ్ణి, నిజం చెప్పాలంటే భక్తి కంటే గోంగూర మీద ఆశతోనే. నేనుండే చోటు తెలిసిన రోజున అందరూ నాకోసం తెగ బెంగపడ్డారు.

"అదేంటి డాక్టర్ గారూ, ఆ నల్లోళ్ళ ఇంట్లోనా? కనీసం రూమ్ లాక్ చేసుకుంటున్నారా?" అని అడిగింది ఒక ఇంజినీరు గారి భార్య.

కొన్నాళ్ళకి ఆవిడే ఫోన్ చేసింది. "అన్నయ్య గారూ, మీ ఓనర్స్ దగ్గర ఆర్ఫన్స్ ఉన్నారంట కదా! మావాడి ఫస్ట్ బర్త్‌డే వాళ్ళతో సెలబ్రేట్ చేద్దామనుకుంటున్నామండీ. ఫుడ్ అంతా మేమే తెస్తాం, వాళ్ళనేం కుక్ చేయొద్దనండి."

చూశారా, డాక్టర్ గారు కాస్తా అన్నయ్య గారయ్యాడు. తాళం సంగతి ఇద్దరం ఎత్తలేదు. బిగ్ మామాకి చెబితే, "బిడ్డ పుట్టినరోజంటే ఎవరు కాదంటారు? రమ్మను" అంది.

ఆగస్టు ఎండలో మూడు కార్లొచ్చాయి. పట్టు చీరలు, అల్యూమినియం ట్రేల్లో చికెన్ బిర్యానీ, వరండాకి కట్టడానికి ఒక బ్యానర్, భుజం మీద మోయాల్సిన వీడియో కెమెరా దిగాయి. అన్నిటికంటే ఆఖరున బాబు దిగాడు. ఆ ఎండలో వాడికి వెల్వెట్ కోటు, మెడకి బో. దిగడమే ఏడుస్తూ దిగాడు. తల్లికి బ్యానర్ వంకర సరిచేయించే పని. "ఎవరైనా వీణ్ణి పట్టుకోండి బాబూ!" అంది. ఎవరో పట్టుకున్నారు. వాళ్ళు ఇంకొకరికిచ్చారు. అలా గంటసేపు వాడు చేతులు మారుతూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడు.

పిల్లల్ని లైన్‌లో నిలబడమన్నారు. ఆ ఇంట్లో నిలబడి తినే అలవాటు లేదు. పిల్లలు బుద్ధిగా కుర్చీలు తెచ్చుకుని బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇంజినీరు గారి భార్య వాళ్ళని లేపి మళ్ళీ నిలబెట్టింది. బాబు చెయ్యి ప్లేటుకి ఆనించి దానం చేయించారు. వాడు గుక్కపెట్టడంతో షాట్ సరిగా రాలేదని మళ్ళీ చేయించారు. బిర్యానీ చల్లారిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆపైన కూటం పెద్దాయన ఇంగ్లీషులో ప్రార్థన అందుకున్నాడు. ఈ లోకంలో నా అన్నవాళ్ళెవరూ లేని ఈ దిక్కులేని అనాథ మీద దయ చూపమని, ఎక్కడా కామా పెట్టకుండా దేవుణ్ణి వేధించాడు. అన్నం గరిటె పట్టుకుని బిగ్ మామా ఆయన వెనకే నిలబడి ఉంది. పిల్లలు కళ్ళు మూసుకుని, భక్తిగా ఆమెన్ చెప్పారు. పిల్లల్లో పెద్దది నా చెయ్యి లాగి, "పాపం, ఎవరి గురించి?" అని గుసగుసగా అడిగింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఎనిమిదేళ్ళ పిల్ల కోసం చూశాను. లైన్‌లోనూ లేదు, బల్ల దగ్గరా లేదు.

బిగ్ మామా కూడా అప్పుడే చూసింది. గరిటె పడేసి వరండాలోకి పరిగెత్తింది. భర్త ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. ఈసారి పిల్ల చెయ్యిజారిపోయినట్టేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మావాళ్ళకేం తెలుసు? కేకు ఎప్పుడు కోద్దామా అని చూస్తున్నారు. కేకు కోయడానికి బాబు కావాలి కదా. అప్పుడు బయటపడింది.

"మీ దగ్గర లేడా?"

"మీకే ఇచ్చాను కదండీ!"

"అయ్యో, నేను ఆంటీకి ఇచ్చాను!"

ఇల్లంతా వెతుకుతూ ఆడపిల్లల గది తలుపు బిగ్ మామా తీసింది. వెనకే నేను, ఇంజినీరు గారి భార్య. మంచం మీద బాబు నిద్రపోతున్నాడు. కోటు, బో విప్పి కుర్చీకి తగిలించి ఉన్నాయి. ఆ పిల్ల పక్కన కూర్చుని పేపర్ ప్లేటుతో విసురుతోంది.

"మెల్లగా. ఇప్పుడే పడుకున్నాడు" అంది.

తల్లి ఒక్క ఊపున బాబుని లాక్కుంది. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. "వీడు అనాథేం కాదు! నేనే వీళ్ళమ్మని!" అని ఇంగ్లీషులో అరిచింది.

ఆ పిల్ల ఆవిణ్ణి నమ్మినట్టు లేదు. నమ్మడానికి కారణమేముంది? కారులో దిగడం, బిగుతు బట్టలు, ఏడుపు, చేతులు మారడం, పెద్దాయన ప్రార్థన, అన్నీ తనకి తెలిసినవే. పొద్దుట్నించీ ఎవరి చేతుల్లో చూసినా ఈవిడ చేతుల్లో మాత్రం ఆ బాబుని చూడలేదు. అందుకని బిగ్ మామా వైపు తిరిగింది.

"వీళ్ళు వదిలేసి వెళ్ళాక వాడు నా మంచం మీదే పడుకోనీ. నేను గోడవైపుకి జరుగుతాను."

బిగ్ మామా గుమ్మం పట్టుకుంది. అన్నాళ్ళలో ఆ పిల్ల ఆ ఇంట్లో దేన్నీ నాది అనలేదు. "అలాగే తల్లీ" అని, ఎప్పుడూ కన్నీరు చూపించని మనిషి నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడే కెమెరాతో వచ్చిన ఇంజినీరు గారు ఆ ఏడుపు మాత్రం చూశాడు. "చూశారా అన్నయ్య గారూ, ఎంత ఎమోషనల్ అయిపోయిందో! నెక్స్ట్ ఇయర్ కూడా ఇక్కడే చేద్దాం" అని నా భుజం తట్టి, బిగ్ మామా మొహాన్ని కెమెరాలో దగ్గరగా తీసుకున్నాడు.