గెడ్డకి అవతల చెప్పిన పేరు

మా పెళ్ళయిన పదో నెలలో నాకు మాస్టరుద్యోగం వచ్చింది. అప్పటికి ట్రైనింగయ్యి రెండేళ్ళుగా ఇంటిపట్టున కూర్చున్నాను. మా నాన్న ఈడువాళ్ళు కనబడితే చాలు, "ఏరా, ఇంకా పిలుపు రాలేదేటి?" అని అడిగేవారు. వాళ్ళకి ఎదురుపడకుండా చేనిగట్ల మీంచి చుట్టు తిరిగి ఇంటికి చేరడం నాకు అలవాటైపోయింది. అలాంటిది, అరవైల చివర్లో ఒక కార్తీకమాసంలో ఆర్డరు చేతికొచ్చింది. మాది నరసన్నపేట పక్క పల్లె. ఉద్యోగమేమో గజపతినగరం దాటి ఇంకా లోపలి ఊళ్ళో. ఇప్పటివాళ్ళు పొద్దున్నే మోటారుసైకిలెక్కి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేస్తారు. అప్పట్లో మా అమ్మకి అది కాశీ కన్నా దూరం.

ఆర్డరులో ఒక మెలిక ఉంది. ఫలానా తారీఖు సాయంత్రం నాలుగు గంటల్లోగా పంచాయతీ సమితి ఆఫీసులో హాజరవ్వాలి. అవ్వకపోతే ఆ ఖాళీ జాబితాలో నా తర్వాతివాడికి వెళ్ళిపోతుంది. కాగితం మా ఊరు చేరేసరికి మిగిలినవి మూడు రోజులే.

మా వైపు ఆనవాయితీ ప్రకారం మగవాడు ముందు వెళ్ళి ఇల్లు చూసుకుంటాడు. కుదురుకున్నాక మంచిరోజు చూసి పెళ్ళాన్ని సారె కావిళ్ళతో పంపిస్తారు. మా ఆవిడ నా మేనమామ కూతురే. ఆవిడ ఆ ఆనవాయితీని గడప దాటనివ్వలేదు.

"నీకు గంజి వార్సడం రాదు, కాల్మీద పోసుకుంటావు. నానూ వస్తన్నాను," అంది.

"మరి సారె?" అంది మా అమ్మ.

"సారె తినీసినాక మల్లీ ఆకలేస్తాది గదా అత్తా. సోళ్ళియ్యి, అంబలి కాసుకుంటాం."

అలా చోళ్ళ బస్తా, అదే రాగుల బస్తా, బియ్యం మూట, రుబ్బురోలు, నులకమంచం, నా పుస్తకాల ట్రంకుపెట్టె తయారయ్యాయి. ఆవిడకి చదువు రాదు. నాకు చదువు తప్ప మరేదీ రాదు. ఆ సంగతి ప్రయాణం మొదలైన గంటలోనే తేలిపోయింది.

మా మావయ్యకి తెలిసిన లారీ ఒకటి గోగునార వేసుకుని విజయనగరం వైపు మిల్లుకి వెళ్తోంది. నార మోపుల మీదకి మమ్మల్ని ఎక్కించారు. నీళ్ళలో కుళ్ళబెట్టి తీసిన ఆ నార వాసన ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్ళకి చెప్పినా తెలీదు. నేను ముక్కు మూసుకుని ఓ మూల కూలబడ్డాను. ఆవిడ మాత్రం, రుబ్బురోలుని అంచుకి కట్టిన డ్రైవర్ని పట్టుకుని, "అది దొర్లితే ఎవుడి నెత్తి మీద పడతాది?" అని నిలదీసింది. కట్టు విప్పించింది, రోలు నడిమధ్యకి జరిపించింది, ముడి తనే వేసింది. డ్రైవరు ఆవిడకన్నా పదేళ్ళు పెద్ద. అయినా అప్పట్నుంచి దారి పొడుగునా ఆవిణ్ణి అక్కని పిలిచినట్టు "అప్పా" అనే పిలిచాడు.

శ్రీకాకుళంలో టీకి ఆపారు. నేను కొట్టు దగ్గర ఎవరిదో పేపరు అడిగి చదువుతూ ఉండిపోయాను. లారీ కదిలింది. పైనుంచి మా ఆవిడ "ఓ బావా!" అని ఒక్క కేక పెట్టింది. మా దేశంలో బావ కానివాడెవడు? టీ కొట్టు దగ్గర నలుగురు మగాళ్ళు తల తిప్పారు. తిప్పనివాణ్ణి నేనొక్కణ్ణే. డ్రైవరు ఆపి నన్నెక్కించుకునేదాకా ఆ నలుగురూ నవ్వుతూనే ఉన్నారు.

"పేరు పెట్టి పిలిస్తే ఈ గొడవుండదు కదే," అన్నాను, మోపుల మీదకి పాకి.

ఆవిడ రెండు చేతులూ నోటికడ్డం పెట్టేసుకుంది. మొగుడి పేరు పెళ్ళాం నోటమ్మట వస్తే వాడి ఆయుష్షు తగ్గిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. అప్పటికి మా ఆవిడ ఎంత మాటకైనా జంకేది కాదు గానీ, నా పేరంటే మాత్రం ఆమడ దూరం పారిపోయేది. ఆ పేరున్నవాడు ఊళ్ళో ఇంకొకడుంటే వాణ్ణి కూడా "మీ బావ పేరోడు" అనేది. నేను ఊరుకోలేదు. ఆయుష్షుకీ శబ్దానికీ సంబంధం లేదనీ, తెల్లవాళ్ళ ఆడవాళ్ళు మొగుళ్ళని పేరు పెట్టే పిలుస్తారనీ, వాళ్ళు నూరేళ్ళూ బతుకుతున్నారనీ విజయనగరం దాకా ఉపన్యాసం దంచాను. అన్నీ విని, "ఆలకి ఆల్ల దేవుడు ఏరే ఉన్నాడు," అనేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు నన్నొక చూపు చూసింది కూడా.

ఆ చూపుకి నేను తగినవాణ్ణేనని వెంటనే రుజువైంది. దారిలో జల్లు పట్టుకుంది. ఆర్డరు కాగితం రేకుపెట్టెలో పెట్టమని ఆవిడ పొద్దున్నే చెప్పింది. దగ్గరుంటేనే భద్రమని నేను చొక్కా జేబులో పెట్టుకున్నాను. విజయనగరంలో దిగి చూసుకుంటే, అచ్చులో ఉన్న మాటలన్నీ అలాగే ఉన్నాయి. సిరాతో రాసిన నా పేరు ఒక్కటీ నీలంగా కారిపోయింది. ఆవిడ ఆ కాగితాన్ని ఊదింది, ఆరబెట్టింది, పెట్టెలో దాచింది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం. తెల్లారేసరికి నాకు చలిజ్వరం. పళ్ళు టకటకలాడుతున్నాయి. వానకి రోడ్డు కోసుకుపోయి బస్సులు ఆపేశారు. గడువు ఆ సాయంత్రమే. నేను దుప్పటి కప్పుకుని నా తలరాతని తిట్టుకుంటూ ఉంటే, ఆవిడ బయటికెళ్ళి ఒక ముసలాయన్నీ ఆయన ఎడ్లబండినీ వెంటబెట్టుకొచ్చింది. ఆయన్ని ఎలా ఒప్పించావని అడిగితే, "ఆ తాత కోడలికి పురుడొచ్చి ఇంట్లో వండే దిక్కు లేదు. ఇంటికెల్లి వండి పెట్టీసి వచ్చినాను," అంది. నేను పక్క మీంచి లేవకముందే ఆవిడ పరాయి ఊళ్ళో ఒకరింట్లో వంట చేసి వచ్చింది! నా పక్కన ఇలాంటి మనిషి ఉందని పది నెలల్లో నాకు అర్థం కాలేదు. ఆ ఒక్క పొద్దుటే అర్థమైంది.

బండి నానా తంటాలూ పడి మధ్యాహ్నం దాటాక ఒక గెడ్డ ఒడ్డుకి చేరింది. గెడ్డంటే మా వైపు వాగు. మామూలప్పుడు మోకాలు తడవదు. ఆ రోజు ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. అవతల మైలు దూరంలో సమితి ఆఫీసు. ఎడ్లని దించనని ముసలాయన ఖండితంగా చెప్పేశాడు. నేను లేచి నిలబడబోయి చక్రం పక్కన కూలబడ్డాను.

"కాయితం నాను పట్టుకెల్తాను," అంది మా ఆవిడ.

"నువ్వెళ్ళి ఏం చేస్తావే?"

"సెప్తాను. మనిసి ఇక్కడిదాకా వచ్చీసినాడు, జొరంతో ఉన్నాడు, గెడ్డ దిగ్గానే వస్తాడని సెప్తాను. ఆలకి సెవులుండవేటి?"

అవతలికి పోవాల్సినవాళ్ళు ఆరేడుగురు చేతులు పట్టుకుని వరసగా దిగుతున్నారు. మా ఆవిడ చీర గోచీ పోసి, ఆర్డరున్న సత్తుగిన్నె నెత్తిన పెట్టుకుని, ఆ వరసలో చేరింది. నడుం దాటి, గుండెల దాకా వచ్చింది నీరు. ఒకచోట గిన్నె ఒక్కటే కనబడింది. ఆవిడ ఆ ఒడ్డున తేలి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపేదాకా నాకు జ్వరమున్న సంగతే గుర్తులేదు.

పొద్దువాలే వేళకి, నీరు కాస్త తీశాక, తిరిగొచ్చింది. చేతిలో సంతకం పెట్టిన చీటీ ఉంది. "మూడ్రోజులు టైమిచ్చినారు బావ," అంది. నా నుదురు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. మూడో రోజు నేను వెళ్ళి ఉద్యోగంలో చేరాను.

అక్కడ ఏం జరిగిందో నాకు రెండు నెలల దాకా తెలీదు. ఆవిడ చెప్పలేదు. మాస్టర్ల మీటింగులో ఒకాయన నా దగ్గరికొచ్చి, "జాబితాలో మీ తర్వాత పేరు నాదేనండి. ఆ రోజు ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను," అన్నాడు. తర్వాత ఆయనకి వేరే బడిలో చోటు దొరికిందట. నవ్వుతూనే అన్నాడు, "మీ ఇంటావిడ నోరు విప్పకపోతే మీ కుర్చీలో నేనుండేవాణ్ణి."

ఆయన చెప్పిందిది. మా ఆవిడ తడిబట్టలతో వెళ్ళి గుమస్తా ముందు నిలబడి సంగతంతా చెప్పింది. గుమస్తా మంచివాడే. కాగితం తిప్పి చూసి, పేరు కారిపోయిందమ్మా, మీ ఆయన పేరేటి అన్నాడు. ఆవిడ తల దించుకుంది. పోనీ మీ మావగారి పేరు చెప్పమన్నాడు. మావగారి పేరు మాత్రం కోడలు చెప్పొచ్చా! ఊరి పేరు చెప్పింది. ఊళ్ళు వేరే ఫైల్లో ఉన్నాయి, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం ఆఫీసరు దగ్గరుంది, ఆఫీసరు కేంపులో ఉన్నాడు. చివరికి ఆవిడ, "కొండ మీద గంధం పూసుకుని కూకున్న సామి పేరు బాబూ," అంది.

అది మా దేశంవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు. మా వైపు ఆ సామి పేరు లేని ఇల్లుండదు. కొండ పేరొకరిది, సామి పేరొకరిది, సామి ముద్దుపేరొకరిది. గుమస్తా జాబితా మీద వేలు పెట్టి, "ఆ సామి పేరోలు ఇందులో నలుగురున్నారు తల్లీ," అన్నాడు.

"నువ్వు సదువు, నాను తలూపుతాను."

"నాను సదివి నువ్వు తలూపితే ఆ సాక్ష్యం నాదవుతాది గానీ నీదవదు. అదిగో, తర్వాతాయన బల్ల మీద కూకున్నాడు. రేపు ఆయన అడిగితే నానేటి సెప్పాల?"

అప్పటికి నాలుగవడానికి ఇంకెంతో లేదట. ఆవిడ వాన వైపు మొహం తిప్పుకుంది. తర్వాత నా పేరు చెప్పింది. గొంతులోనే చెప్పింది. రేకుల మీద వాన మోతకి గుమస్తాకి వినబడలేదు. "ఆ?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ "ఆ?" అన్నాడు. మూడోసారి మాత్రం ఇంటిపేరుతో సహా, వరండా చివరిదాకా వినబడేలా అరిచి చెప్పిందట. చెప్పి, రెండు లెంపలూ గట్టిగా వాయించుకుంది. "నేను లేచి మంచినీళ్ళిచ్చానండి," అన్నాడాయన. "పుక్కిలించి ఉమ్మేసింది గానీ ఒక్క గుక్క తాగలేదు."

నేను ఛాతీ పొంగించుకుంటూ ఇంటికొచ్చాను. అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చినప్పుడూ లేదు. ఆవిడ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది.

"ఏమే, సమితి ఆఫీసులో నా పేరు దండోరా వేశావట!" అన్నాను.

చేట ఆగిపోయింది. నవ్వుతుందనుకున్నాను. బావురుమంది.

"మూడుసార్లనీసినాను బావ. అసలే నీకు జొరం. గెడ్డ దాటి వచ్చీసరికి ఉంటావో ఉండవో అనుకుంటూ వచ్చినాను. ఈ రెణ్ణెల్లూ నువ్వు దగ్గితే సాలు, నా పేనం పోతంది."

నన్ను దోషిలా నిలబెట్టింది ఆ మాట. పెద్ద పంతుల్నయ్యాను కదా, మళ్ళీ మొదలెట్టాను. ఇవన్నీ ఉత్త మాటలే, నేను రాయిలా ఉన్నానే అని. ఆవిడ వినలేదు. కళ్ళు తుడుచుకుని, చాలా ఆలోచించి పెట్టుకున్నదానిలా అంది:

"నువ్వూ నా పేరు మూడుసార్లనీ."

"అంటే ఏమవుతుంది?"

"నీది ఎంత తగ్గిపోనాదో నాదీ అంత తగ్గుతాది. ఇద్దరం ఒక్కలాగే ఉంటాం."

"మొగుడు పెళ్ళాం పేరంటే అలా అవుతుందని ఏ శాస్త్రంలోనూ లేదే."

"సాస్త్రం రాసినోలు పెల్లాలనడిగి రాసినారేటి? నువ్వను."

పెళ్ళయ్యాక నేనూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు. మా ఇళ్ళలో "ఒసే" అంటే సరిపోయేది. నవ్వుకుంటూ ఒకసారి అన్నాను. ఆవిడ ఒక వేలు మడిచింది. రెండోసారి అన్నాను. రెండో వేలు మడిచింది. మూడో వేలు చాపి పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది, తన ఆయుష్షులోంచి కొంత తీసి పారేయమని అడుగుతున్న మనిషిలా కాదు, పండక్కి కొత్తచీర అడుగుతున్న మనిషిలా. నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

బతిమాలింది. కోప్పడింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మనవలకి పెళ్ళిళ్ళయ్యాయి. అయినా నాకు ఒంట్లో బాగులేనప్పుడల్లా మంచం పక్కన కూర్చుని, "ఆ ఒక్కసారీ అనీ బావ," అని ఆ వేలు నా ముందు చాపుతుంది. ముప్పై ఏళ్ళపాటు బల్ల గుద్ది పిల్లలకి మూఢనమ్మకాలు వద్దని పాఠం చెప్పినవాణ్ణి. ఆ మూడోది మాత్రం నేననలేదు. అనను.