నేను కత్తిరించిన కాడ

ఒక మొక్క కాడను కత్తిరించింది నేనేనని పన్నెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. విద్యార్థులు హెర్బేరియం చేయాలి. అంటే, ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి పేర్లు రాయాలి.

ఆ ఏడాది పిల్లలను గొల్లపల్లి వైపు ఒక చెరువుకు తీసుకెళ్లాను. కోరుట్ల అమ్మాయి నస్రీన్ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, తెల్లపూల తీగనొకదాన్ని వేళ్లతో సహా లాగింది.

"ఏందే, బిర్యానీల ఏస్తవా గా ఆకు?" అని స్నేహితురాలు అరిచింది.

"ఏస్త! ముందుగాల నీకే పెడ్త!"

గట్టు మీదున్న వాళ్లంతా పడీ పడీ నవ్వారు.

దాని పేరు లుడ్విజియా అడ్సెండెన్స్. రెండో మాట లాటిన్ క్రియ నుంచి పుట్టిన విశేషణం. చివరి 'ఎన్స్' పని ఇంకా సాగుతోందని చెబుతుంది, మన 'లేస్తున్న'లాగా. కాడ నీటి మీద పాకుతుంది, కొస పైకి లేస్తుంటుంది.

"అంటే ఇంక లేస్తనే ఉన్నదన్నట్టు గద సార్!" అని నస్రీన్ సంబరపడింది.

పొడవాటి మొక్కను మడిచి అతికించాలి గానీ కోయకూడదు. ఆమె మూడు మడతలు పెట్టి చక్కగా అతికించింది. పరీక్ష ముందురోజు రికార్డులు కట్టకడుతుంటే వేళ్లు అట్ట దాటి వస్తున్నాయని, కింది సగం నేనే కత్తిరించేశాను.

మర్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమెను నిలదీశారు.

"పాకే కాడ ఏదమ్మా? అది లేకుండ లేస్తున్నదని ఎట్ల తెలుస్తది? పుస్తకంల చూసి రాసినవా?"

"లేదు సార్, ఏర్లతోనే అతికించిన," అంటూ నస్రీన్ నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. మార్కులు తగ్గాయి. కాలేజీ ఫస్ట్ ఆమె చేజారింది.

మొన్న సిరిసిల్లకు ఎగ్జామినర్‌గా వెళ్తే, అక్కడి లెక్చరర్ నస్రీనే!

"సార్, మీరా! రాండ్రి, ముందు చాయ్ తాగుండ్రి."

చాయ్ పక్కన పెట్టి, అసలు సంగతి చెప్పాను. ఆమె నవ్వేసింది.

"నాకెర్కనే సార్. కత్తెర కోత సాఫ్‌గ కనవడ్డది. అందుకే మా ల్యాబ్‌ల కత్తెర నా బీరువలనే ఉంటది."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"మీరే చెప్తరేమోనని చూసిన."

ఆనాడు నోరు విప్పడానికి ఒక్క నిమిషం సరిపోయేదని ఇప్పుడు తెలిసొచ్చింది. ఆమె విద్యార్థులు రికార్డులు పట్టుకుని నిలబడి ఉంటే, వాళ్లను దగ్గరికి పిలిచి జరిగిందంతా చెప్పాను.

"అందరి ముందట నీకు మాటొచ్చింది, అందరి ముందటనే అంటున్న. తప్పు నాది నస్రీన్. నన్ను మన్నించు."