బాపమ్మ మీద కరాటే

మేడారం జాతరకు పోతూ పక్కింటివాళ్లు నిన్న అమ్మవార్ల మొక్కు కోసం బెల్లం ముద్దలు తెచ్చి వరండాలో పెట్టారు. ఆ వాసనకు నా కుడి మణికట్టు దానంతటదే తిరిగింది.

మూడో తరగతిలో హన్మకొండలో కరాటే క్లాసుకు వెళ్లేదాన్ని. పెంకులు పగలగొట్టడం నేర్పుతారనుకుంటే, సారు నెలంతా ఒక్కటే నేర్పారు. చెయ్యి పట్టుకున్నవాళ్ల బొటనవేలి వైపు మణికట్టు తిప్పి లాగాలి, "వదులు!" అని అరవాలి, పరుగెత్తాలి. "పట్టుకున్నది ఎవలైనా సరే," అనేవారు. ఆ మాట నేను అక్షరాలా నమ్మాను.

ఆ ఏడు జాతరలో, మా నాన్న తల్లి బాపమ్మ, నెత్తిన బెల్లం ముద్దతో, నా మణికట్టు గట్టిగా పట్టుకుని నడుస్తోంది. తిప్పాను, లాగాను, అరిచాను. బాపమ్మ పట్టు ఊడిపోయింది! ఆ సంబరంలో పరుగెత్తడం మరిచిపోయాను.

అంతలోనే ఆడవాళ్లు బాపమ్మను చుట్టుముట్టారు.

"ఏందవ్వా, ఎవల పిల్లను గుంజుకపోతానవ్?"

"నా మనుమరాలే బిడ్డా!" అన్నా ఎవరూ వినలేదు. నేను ఏడుస్తూ వెళ్లి ఆమెను వాటేసుకున్నాకే కదిలారు. ముక్కూమొహం తెలియని పిల్ల అరిస్తే అంతమంది ఆగారన్న సంగతి పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు.

తిడుతుందనుకున్నాను. బాపమ్మ బెల్లం జారిపోయేంతగా నవ్వింది. "ఎట్ల తిప్పినవే? నాకు గూడ జర నేర్పు."

అమ్మవార్ల గద్దెల దాకా ఆమె మళ్లీ నా చెయ్యి పట్టుకోలేదు. జనం ఎంత నెట్టినా, నేనే ఆమె కొంగు వదల్లేదు.