మా అత్తమ్మ పంపిన కబురు

దయ్యాల గురించి నన్ను అడిగినవాళ్లు ఎప్పుడూ తిట్లే తిన్నారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. బడి వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు వణికిపోతుంటే, వాళ్లను వెంటబెట్టుకెళ్లి ఆ చెట్టు కిందే మధ్యాహ్నం సద్ది విప్పించాను. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే, ఇన్నేళ్లు లోపల దాచుకుని అలసిపోయాననే అర్థం.

ముందు మా అత్తమ్మ గురించి చెప్పాలి. మా ఆవిడ సుజాత వాళ్లది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర చిన్న పల్లె. మామయ్య పోయాక అత్తమ్మ ఎక్కువగా హనుమకొండలో మా ఇంట్లోనే ఉండేది. అల్లుడికి ఎదురుపడి అత్త మాట్లాడకూడదన్నది ఆమె కాలపు మర్యాద. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే, వంటింటి తలుపు చాటున నిలబడి మనవడితో అనేది: "మీ నాయినకు చెప్పు బిడ్డా, అన్నం పెట్టిన అని." నేనూ వాడితోనే జవాబు పంపేవాణ్ణి. పిల్లలు ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేది. "కూర సల్లారుతాంది, తినెటోళ్లు తినొచ్చు" అని.

పదేళ్లలో మేమిద్దరం నేరుగా ఒక్క మాట అనుకోలేదు. అయినా నాకు పులుపు పడదని ఆ ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది ఆమే.

ఎండాకాలం వస్తే, పిల్లలు గడప దాటేముందు వాళ్ల జేబులో చిన్న ఉల్లిగడ్డ వేసేది. వడదెబ్బ తగలదని మా వైపు నమ్మకం. సాయంత్రం దాన్ని తీసి పారేసేది. ఎండనంతా పీల్చుకున్నది కూరలో వేయకూడదట.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మా బడి టీచర్లు ఇద్దరు ఇంటికి వచ్చారు. సుజాత బజారుకు వెళ్లింది. పిల్లలు లోపలి గదిలో నిద్రపోతున్నారు. మేం ముగ్గురం బయటికి బయల్దేరుతుంటే తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి, నా చెప్పుల పక్కన ఉల్లిగడ్డ పెట్టి వెనక్కు వెళ్లిపోయింది. టీచర్లు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "చదువు లేకపోతే ఇంతే, అన్నీ మూఢనమ్మకాలే" అని గట్టిగా అని, దాన్ని తీసి వీధిలోకి విసిరేశాను. తలుపు సందు మెల్లగా మూసుకుంది.

మర్నాడు మొదటి బస్సుకే అత్తమ్మ ఊరికి వెళ్లిపోయింది. కూతురికి పొలం పని అని చెప్పిందట, అంతే. ఆ వానాకాలం జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో కన్నుమూసింది. తప్పయిందని చెప్పాలని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఎదురుగా వెళ్లి చెప్పే ఆచారం లేదు, పిల్లలతో పంపే మాటా కాదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే అయిపోయింది. ఈ సంగతి సుజాతకు కూడా చెప్పలేదు. చెప్పే ముఖం నాకెక్కడిది?

మరుసటి వేసవిలో, ఎనభైల మొదట్లో, ఖిలా వరంగల్‌లో రాతి తోరణాల దగ్గర సాంస్కృతిక ఉత్సవాలు పెట్టారు. ఒగ్గు కథ, చిందు, కోలాటం. సుజాత చంటిదానితో ఇంట్లో ఉండిపోయింది. తొమ్మిదేళ్ల స్వప్ననూ, ఐదేళ్ల శ్రీనునూ నేనే తీసుకెళ్లాను. శ్రీనుకు బట్టలు తొడిగింది నేను. నిక్కరుకు జేబులు లేవు. చొక్కాకు ఒక్కటే జేబు. అందులో ముక్కు తుడుచుకునే దస్తీ మడిచి, పిన్నీసు గుచ్చింది కూడా నేనే. ఉల్లిగడ్డ పెట్టలేదు. పెడదామా అనిపించింది గానీ, అత్తమ్మ గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు.

ఐదు గంటలైనా ఎండ చురచురలాడుతూనే ఉంది. పుల్ల ఐసులు రెండు చేతుల్లోకి తీసుకోవడానికి శ్రీను చెయ్యి వదిలాను. అప్పుడే ఒగ్గు కథ డోళ్లు మోగాయి. జనం ఒక్కసారి అటు కదిలారు. తిరిగి చూస్తే వాడు లేడు.

మైకులో పేరు చెప్పించాను. స్వప్న చెయ్యి నలిగిపోయేంత గట్టిగా పట్టుకుని తిరిగాను. పుచ్చకాయలమ్మే ఆమె, "ఫికర్ చెయ్యకు సారూ, ఏడికి పోతడు, దొరుకుతడు" అంటోంది గానీ నా చెవికి ఎక్కడం లేదు. ఆ చుట్టుపక్కల పాత బావులున్నాయి. ఒక్కొక్క బావిలోకీ తొంగి చూశాను. ఆ చూసిన క్షణాలు నా శత్రువుకు కూడా వద్దు.

గంట దాటాక స్వప్నకు కనిపించాడు. వేదిక వెనక, పడిపోయిన రాతి స్తంభం నీడలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. అదే చోట నేను అప్పటికి రెండుసార్లు వెతికాను. వాడి కళ్లలో ఏడుపు లేదు. తల తడిపి ఉంది, ఒళ్లు చల్లగా ఉంది. ఎత్తుకుని గుండెకు హత్తుకుంటే ఏదో గట్టిగా తగిలింది. పిన్నీసు నేను పెట్టినట్టే ఉంది. దస్తీ కింద ఉల్లిగడ్డ.

"ఎవరు పెట్టిన్రురా?" అన్నాను.

"అమ్మమ్మ. ఈడనే కూసో, మీ నాయిన ఎతుకుతాండు, వస్తడు అన్నది."

ఆ మాట విన్నా నాకు భయం వేయలేదు. ఎవరో పెద్దామె జాలిపడి తల తడిపి, జేబులో ఉల్లిగడ్డ వేసి ఉంటుంది. మా జిల్లాలో ఏ అవ్వైనా ఆ పనే చేస్తుంది. పిల్లవాడికి తెల్లజుట్టు కనిపిస్తే చాలు, అమ్మమ్మే. ఇలా లెక్క సరిపెట్టుకుంటుంటే వాడు నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఇంకోటి చెప్పమన్నది నాయినా. నువ్వు ఉల్లిగడ్డ ఇసిరేసినవు గదా, దానికి అమ్మమ్మకు కోపం లేదట."

ఆ మధ్యాహ్నం నిద్రలోనే విన్నాడా? నాలుగేళ్ల పిల్లవాడు ఏడాదిపాటు మనసులో పెట్టుకుని, సరిగ్గా ఆ పూటే బయటపెట్టాడా? మర్నాడు మళ్లీ వెళ్లి మైకు అతన్నీ, పుచ్చకాయలామెనూ అడిగాను. పిల్లవాడితో ఏ ముసలామెనూ చూడలేదన్నారు. శ్రీనును అడిగితే కోలాటం కర్రలు కొనిపెట్టమని ఏడ్చాడు, అంతకంటే ఒక్క ముక్క రాలేదు. అందరూ పడుకున్నాక సుజాతకు అంతా చెప్పాను, నేను అన్న మాటతో సహా. చాలాసేపు ఏడ్చింది.

ఆమెకు చెప్పకుండా ఒక్కటి దాచుకున్నాను. ఆ స్తంభం దగ్గర, కొడుకును చంకలో పెట్టుకుని, అలవాటు కొద్దీ అన్నాను: "మీ అమ్మమ్మకు చెప్పు బిడ్డా, నాయినది తప్పయిందని." ఏడాదిగా గొంతులో ఉన్న మాట.

శ్రీను నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. "నేను చెప్పుడెందుకు నాయినా, ఇన్నది గదా. అగో, కొంగుతోని కండ్లు తుడుసుకుంటాంది."

నేను తిరిగి చూశాను. నాకు రాయీ నీడా తప్ప ఇంకేమీ కనిపించలేదు. అయినా అల్లుడు ఎదురుగా నిలబడితే ఆమెకు ఇబ్బందని, తల దించుకుని పక్కకు జరిగాను. ఎవరికి దారి ఇచ్చానో ఈ రోజుకీ చెప్పలేను.